పట్టేసిన బ్రేకులు: ఒక పాత కారు మరమ్మతు డైరీ

శనివారం, ఉదయం

ఈ మధ్య కొన్న ఒక పాత పెట్రోలు కారు మీద జరుగుతున్న పనిని ఇక్కడ రాసుకుంటున్నాను. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉన్న, ఏబీఎస్ లేని చిన్న కారు ఇది. నాకు ముందు దీన్ని వాడినవారు అంతర్వేది వైపు వెనామీ రొయ్యల చెరువులు చేసేవారు కాబట్టి, బండి ఎక్కువగా చెరువు గట్ల మీద, ఉప్పు బురదలో తిరిగింది. పోయిన వానాకాలమంతా ఒక పాకలో, హ్యాండ్ బ్రేకు వేసి, కదలకుండా ఉంచేశారట. ఇంజను, గేర్‌బాక్సు బాగున్నాయి. ఇబ్బందల్లా బండి తేలిగ్గా దొర్లకపోవడం.

కోనసీమది బల్లపరుపు నేల కాబట్టి ఇలాంటి లోపం ఇక్కడ చాలాకాలం ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది. ఘాట్ రోడ్ల మీద తిరిగే బండికి ఇదే లోపముంటే మొదటి వాలులోనే తెలిసిపోతుంది. మాకు వాలు కావాలంటే చించినాడ వంతెన లాంటి పెద్ద వంతెనల అప్రోచ్ రోడ్డు ఉండాలి, లేదా కాలువ గట్టు మీద నుంచి ఊళ్లోకి దిగే దారి ఉండాలి. నేను గట్టు దారినే ఎంచుకున్నాను. వెనకా ముందూ ఎవరూ లేని సమయం చూసి, దిగే చోట బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు దించి, పెడల్ మీద నుంచి కాలు తీశాను. సైకిలు తొక్కకుండానే దిగిపోయే ఆ వాలులో కారు అంగుళం కూడా కదల్లేదు.

బండి భారంగా నడవడానికి బ్రేకులే కారణం కానక్కరలేదు. టైర్లలో గాలి తక్కువైనా, వీల్ బేరింగు పాడైనా, ముందు చక్రాల అలైన్‌మెంటు తప్పినా అలాగే ఉంటుంది. అందుకని డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో రాసినంత గాలి నాలుగు టైర్లకూ పెట్టించి, ఒక్కొక్క చక్రాన్నీ పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపి చూశాను. ఎక్కడా ఆట లేదు, గరగర శబ్దమూ లేదు. పెడల్ పూర్తిగా పైకి వస్తోందో లేదో తెలుసుకోవడానికి వెనక బ్రేకు లైట్లు చూడడం తేలిక దారి. కాలు తీశాక లైట్లు ఆరిపోతున్నాయి, పెడల్‌కు పైన కొద్దిపాటి ఖాళీ నడక కూడా ఉంది. కాబట్టి పెడల్ దగ్గర తప్పు లేదు.

శనివారం, మధ్యాహ్నం

ఏ చక్రం పట్టేస్తోందో చెప్పేది వేడి. 216వ నంబరు జాతీయ రహదారి మీద రద్దీ తగ్గిన వేళ చూసుకుని, వీలైనంతవరకు బ్రేకు నొక్కకుండా, గేర్లతోనే వేగం తగ్గించుకుంటూ కొంత దూరం నడిపి, ఆగగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో నాలుగు చక్రాలూ చూశాను. దీనికి పరిశ్రమల్లో వాడే రకం కావాలి. కరోనా రోజుల్లో నుదుటి మీద పెట్టి చూసినవి శరీర ఉష్ణోగ్రత పరిధి దాటితే అంకె చూపించవు. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. డిస్కును రెండు వైపులా నొక్కిపట్టే ప్యాడ్లు రాసి రాసి అద్దంలా మెరిసే డిస్కు ముఖం మీద గురిపెడితే ఈ పరికరం అసలు కన్నా తక్కువ అంకె చూపుతుంది, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని ఈ పరికరం చదివే కిరణాల రూపంలో తక్కువగా వెలువరిస్తుంది. అందుకని నేను డిస్కు మధ్యలో తుప్పు రంగులో ఉండే గిన్నె భాగం మీద, వెనక డ్రమ్ముల అంచు మీద, ఇరువైపులా సరిగ్గా ఒకే చోట చూశాను.

బయట గాలి 32 డిగ్రీలు. ఎడమ ముందు చక్రం 118, కుడి ముందు చక్రం 52, ఎడమ వెనకది 46, కుడి వెనకది 71. ఎడమ ముందు చక్రం దగ్గర ముక్కు పెట్టనక్కరలేకుండానే కమురు వాసన వస్తోంది. అలాయ్ రిమ్ము మీద నల్లటి బ్రేకు పొడి కూడా మిగతా చక్రాల కన్నా ఎంతో ఎక్కువగా పేరుకుంది.

ఈ 118 డిగ్రీలను తేలిగ్గా తీసుకోకూడదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ అనే ప్రమాణం ప్రకారం డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నూటికి 3.7 పాళ్లు నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 రకానికి ఈ హద్దులు 230, 155. పట్టేసిన చక్రం అప్పటికే 118 దగ్గర ఉన్నప్పుడు, రావులపాలెం దగ్గర హైవే మీద ఒక లారీ వెనక గట్టిగా బ్రేకు వేయవలసి వస్తే, ఏళ్ల తరబడి మార్చని ఆయిల్, ప్యాడ్లను నొక్కే ఆ కాలిపర్‌లోనే మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నలుగుతుంది కాబట్టి పెడల్ నేలకు తగులుతుంది గాని బండి ఆగదు. బ్రేకు పట్టేస్తే మైలేజీ మాత్రమే పోతుందనుకునేవారికి నేను చెప్పదలచుకున్నది ఇదే. విడవని బ్రేకు కొంతసేపటికి పట్టని బ్రేకుగా మారుతుంది.

శనివారం, సాయంత్రం

ఎడమ ముందు, కుడి వెనక అనే ఈ జంట నన్ను ఆలోచనలో పడేసింది. ముందు చక్రాలు తోలే కార్లలో చాలావాటికి బ్రేకు గొట్టాలు ఐమూలగా, ఎక్స్ ఆకారంలో రెండు సర్క్యూట్లుగా ఉంటాయి. ఒక సర్క్యూట్ ఎడమ ముందు చక్రానికీ కుడి వెనక చక్రానికీ పోతే, రెండోది మిగతా రెండింటికీ పోతుంది. ఒకటి పాడైనా రెండోదానితో బండి ఆగాలనే ఈ ఏర్పాటు. కాబట్టి ఐమూలగా రెండు చక్రాలు వేడెక్కాయంటే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉండే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి తోసే భాగం) సగభాగం ఆయిల్‌ను వెనక్కి వదలడం లేదని అనుమానించడం సహజం. బండి చూపించిన ఒక గ్యారేజీలో కూడా అదే మాట చెప్పి, మాస్టర్ సిలిండర్ మార్చేయమన్నారు.

అనుమానం సబబే గాని, పరీక్ష చేయకుండా అంత ఖరీదైన భాగం మార్చడం నాకు నచ్చలేదు. మా వీధిలో ఉండే, ఆర్టీసీ గ్యారేజీలో చేసి రిటైరైన బాబాయ్ గారికి ఈ అంకెలు చెప్పాను. ఆయన అంతా విని, "నిపుల్ విప్పి చూడు అబ్బాయ్. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందా, తప్పు పైన ఉన్నట్టు. వదల్లేదా, తప్పు అక్కడే కూర్చునుంది. ఆయ్, బండి వేడి మీద ఉన్నప్పుడే చూడాలి" అన్నారు.

నిపుల్ అంటే చక్రం దగ్గర బ్రేకు ఆయిల్‌ను బయటికి వదిలే చిన్న మర. ఆయన చెప్పిన చివరి మాటే ఈ పరీక్షకు ప్రాణం. చల్లారిన బండిలో బిగింపు తనంతట తానే సడలిపోతుంది, అప్పుడు నిపుల్ విప్పినా ఏమీ తెలియదు. అందుకని మళ్లీ నడిపి, వేడెక్కించి తెచ్చాను. వాన తడికి మా వాకిట్లో నల్లమట్టి మెత్తబడి ఉంది కాబట్టి జాకీ కిందా, స్టాండ్ల కిందా మందపాటి తాటి చెక్కలు వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు అడ్డుపెట్టి, బండిని స్టాండ్ల మీదికి దించాకే చక్రం విప్పాను. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కింద చెయ్యి పెట్టడం ఎవరికీ మంచిది కాదు. చేతితో తిప్పితే ఎడమ ముందు డిస్కు రెండు చేతులా బలం చూపిస్తేగాని కదల్లేదు. కుడివైపున ప్యాడ్లు కొద్దిగా రాసుకుంటున్న సన్నని శబ్దం ఉంది గాని తిరుగుతోంది. డిస్కు బ్రేకుకు ఆ మాత్రం రాపిడి మామూలే.

నిపుల్‌కు పారదర్శకమైన రబ్బరు గొట్టం తొడిగి, రెండో కొసను సీసాలో ఉంచి, పానాతో పావు చుట్టు విప్పాను. లోపల ఒత్తిడి చిక్కుకుని ఉంటే ఆయిల్ ఒక్కసారిగా చిమ్మి, డిస్కు వెంటనే వదులు కావాలి. అలా వదులైతే మాస్టర్ సిలిండర్ గాని, దాని వెనక తోపుడు కడ్డీ గాని, కాలిపర్ దగ్గరి రబ్బరు హోసు గాని కారణమవుతాయి. పాత హోసు పైకి బాగానే కనిపిస్తూ లోపలి పొర ఊడి, ఆయిల్‌ను పోనిచ్చి తిరిగి రానివ్వని వాల్వులా తయారవుతుంది. అప్పుడు హోసు పై కొసన, ఇనుప గొట్టం కలిసే చోట యూనియన్ వదులు చేసి చూస్తే ఈ రెండింటిలో ఏదో తేలుతుంది. అక్కడ విప్పగానే చక్రం వదిలితే తప్పు ఇంకా పైన ఉంది, అక్కడ వదలకుండా నిపుల్ దగ్గర మాత్రమే వదిలితే తప్పు హోసుది.

నా బండిలో అంత దూరం పోవలసిన పని పడలేదు. నిపుల్ విప్పితే ఆయిల్ చిమ్మలేదు, గొట్టంలోకి ఒక బొట్టు మెల్లగా జారింది. ఆ బొట్టు కాఫీ డికాక్షన్‌లా నల్లగా ఉంది. డిస్కు మాత్రం అంతే బిగువుగా ఉండిపోయింది. కుడి వెనక చక్రం దగ్గరా ఇదే చేసి చూశాను, అక్కడా ఒత్తిడి లేదు, చక్రమూ వదల్లేదు. ఒకే సర్క్యూట్‌లోని రెండు చక్రాల్లోనూ చిక్కుకున్న ఒత్తిడి లేదని తేలింది కాబట్టి మాస్టర్ సిలిండర్ నిర్దోషి. ఐమూలగా కనిపించిన వేడి వెనక ఉన్నవి, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లోపాలు.

ఆదివారం

ఎడమ ముందు కాలిపర్ విప్పాను. ఇది జారే రకం కాలిపర్. ఒకే పిస్టన్ లోపలి ప్యాడును నెడుతుంది, ఆ ఎదురు బలానికి కాలిపర్ మొత్తం రెండు గైడ్ పిన్నుల మీద లోపలికి జరిగి బయటి ప్యాడును డిస్కుకు ఆనిస్తుంది. పిన్నులు జారకపోతే ఈ అమరిక అంతా దెబ్బతింటుంది. ప్యాడ్లు చేతిలోకి తీసుకోగానే విషయం సగం తెలిసిపోయింది. బయటి ప్యాడు లైనింగు అంతటా 7 మిల్లీమీటర్లు ఉంది. లోపలిది పై కొసన 5 మిల్లీమీటర్లు, కింది కొసన 3 మిల్లీమీటర్లు ఉంది. అంటే లోపలి ప్యాడు ఎక్కువ పని చేసింది, అదీ వాలుగా అరిగింది. రెండు పిన్నుల్లో ఒకటే కదులుతూ, రెండోది బిగిసిపోయినప్పుడు కాలిపర్ వంకరగా నిలబడి ఇలాంటి అరుగుదల వస్తుంది.

పిస్టన్‌ను కూడా అనుమానించాలి కాబట్టి ముందు దాన్నే చూశాను. నిపుల్ విప్పి ఉంచి, పాత ప్యాడును అడ్డుపెట్టి, సి క్లాంపుతో మెల్లగా నొక్కితే పిస్టన్ ఎక్కడా తట్టుకోకుండా సాఫీగా లోపలికి పోయింది. నిపుల్ విప్పడానికి కారణముంది. లేకపోతే కాలిపర్ అడుగున పేరుకున్న మురికి ఆయిల్ తిరుగుప్రయాణంలో మాస్టర్ సిలిండర్‌లోకి పోతుంది. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరగలేదు, లోపల తుప్పు లేదు. పెడల్ వదిలినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగడానికి డిస్కు బ్రేకులో వేరే స్ప్రింగు ఉండదు. పిస్టన్‌ను పట్టుకుని ఉన్న చదరపు కోత రబ్బరు సీలు నొక్కినప్పుడు మెలిపడి, వదిలినప్పుడు తిరిగి తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ఆ కాస్త ఖాళీ కోసం కాలిపర్ కూడా పిన్నుల మీద స్వేచ్ఛగా కదలాలి.

పై పిన్ను వేలితో లాగితే వచ్చింది. కింది పిన్ను రాలేదు. పానా వేసి అటూ ఇటూ మెలిపెడుతూ, చెక్క సుత్తితో తడుతూ, చాలాసేపు ఓపిక పట్టాక బయటికి వచ్చింది. దాని కొసన అదురు తగ్గించడానికి ఒక రబ్బరు బుష్షు ఉంటుంది. ఇది అన్ని కార్లలోనూ ఉండదు, ఉన్నవాటిలో సాధారణంగా ఒక పిన్నుకే ఉంటుంది. ఆ బుష్షు ఉబ్బి, మెత్తబడి, వేలిగోటితో నొక్కితే గాటు పడేలా తయారైంది. పిన్నుకు మామూలు చాసిస్ గ్రీజు పూసి ఉంది. పెట్రోలియం నుంచి వచ్చిన గ్రీజు, ఇంజను ఆయిల్, డీజిలు బ్రేకు రబ్బర్లకు పడవు, వాటిని పీల్చుకుని అవి ఉబ్బిపోతాయి. పైన రబ్బరు తొడుగుకు ఒక చిన్న చిరుగు కూడా ఉంది. దానిలోంచి చెరువు గట్టు బురద నీరు లోపలికి పోయి, రంధ్రం గోడల మీద ఎర్రటి తుప్పు పొర కట్టింది. ఉబ్బిన రబ్బరు ఒకవైపు, తుప్పు పొర ఒకవైపు ఉంటే పిన్ను కదిలే దారే లేదు.

ప్యాడ్ల చెవులు కూర్చునే బ్రాకెట్టు గాడులు కూడా చూశాను. స్టీలు క్లిప్పుల కింద తుప్పు పెరిగి వాటిని పైకి నెట్టడంతో గాడి ఇరుకై, ప్యాడు చెవి బిగుసుకుంది. క్లిప్పులు తీసి, గాడిలోని తుప్పును ఆకురాయితో లోహం కనబడేదాకా గీసేశాను. సముద్రానికి ఇంత దగ్గరగా తిరిగే బండికి ఇది ఏటా చేయవలసిన పని. ప్యాడ్లు మార్చేటప్పుడు చాలామంది పాత క్లిప్పుల మీదే కొత్త ప్యాడ్లు దూర్చేస్తారు. పొడిని గాలితో ఊదకుండా, తడిగుడ్డతో తుడిచాను. పాత లైనింగుల్లో ఏముందో చెప్పలేం, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

బుధవారం

అమలాపురం నుంచి పిన్ను బుష్షు, రబ్బరు తొడుగులు, ముందు రెండు చక్రాలకూ ప్యాడ్లు, స్టీలు క్లిప్పులు, బ్రేకు రబ్బర్లకు పడే సిలికాన్ గ్రీజు తెచ్చాను. ఆయిల్ కూడా కొన్నాను. రిజర్వాయరు మూత మీద డాట్ 3 అని ఉన్నా, డాట్ 4 దానితో కలిసే గ్లైకాల్ రకమే కాబట్టి దాన్నే ఎంచుకున్నాను. సిలికాన్‌తో చేసిన డాట్ 5 వేరు, దాన్ని వీటితో కలపకూడదు. పాత పిన్ను మీద తుప్పు గుంటలు లేవు, రంధ్రం శుభ్రం చేశాక అది వేలి బలానికే లోపలికీ బయటికీ జారింది. ప్యాడ్లు ఎప్పుడూ ఇరువైపులా కలిపి మార్చాలి కాబట్టి కుడివైపు కూడా విప్పాను. అక్కడా మామూలు గ్రీజే పూసి ఉంది. ఉబ్బడం ఇంకా మొదటి దశలో ఉంది గనుక దాని బుష్షు కూడా మార్చేశాను.

మరుసటి ఆదివారం

వెనక కుడి చక్రం. హ్యాండ్ బ్రేకు లీవరు కింద సర్దుబాటు నట్టును పూర్తిగా వదులు చేసి చక్రం తిప్పాను. కేబులు మరీ బిగించడం వల్లనే పట్టేస్తుంటే అప్పుడు వదలాలి, వదల్లేదు. అయితే ఆ నట్టు మరకట్టు చివరిదాకా బిగించి ఉండడం గమనించాను. హ్యాండ్ బ్రేకు సరిగ్గా పట్టడం లేదని ఎవరో మళ్లీ మళ్లీ బిగిస్తూ వచ్చారన్నమాట.

డ్రమ్ము చేతికి రాలేదు. దాని ముఖం మీద మరలు కోసిన రెండు రంధ్రాలు ఉంటాయి, వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు వేసి, ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తే డ్రమ్ము సమంగా బయటికి వచ్చింది. డ్రమ్ము లోపలి గోడకు ఆనుకుని చక్రాన్ని ఆపే లైనర్లు సరిపడా ఉన్నాయి. లైనర్లను తోసే వీల్ సిలిండర్ రబ్బరు మూతలు కొంచెం ఎత్తి చూస్తే లోపల పొడిగా ఉంది, లీకు లేదు. డ్రమ్ము లోపలి గోడ మీద, లైనరు అంచు ఆనుకున్న చోటే ఒక గీతలా తుప్పు మచ్చ ఉంది. వానాకాలమంతా హ్యాండ్ బ్రేకు వేసి ఉంచినందుకు సాక్ష్యం అది.

లైనరు వెనక ఉండే లీవరు నుంచి కేబులు కొస తప్పించగానే లీవరు టక్కున వెనక్కి పోయింది, లైనర్లు దగ్గరికి ముడుచుకున్నాయి. కేబులు మాత్రం లాగిన చోటే ఉండిపోయింది. తప్పు పూర్తిగా కేబులుదే. చక్రం దగ్గర దాని తొడుగు కిందికి వేలాడే చోట నీరు నిలిచి, లోపలి తీగ తుప్పుపట్టింది. తీగ బిగుసుకుంటుంటే హ్యాండ్ బ్రేకు పట్టు తగ్గింది, పట్టు తగ్గిందని నట్టు బిగించారు, బిగించేకొద్దీ లైనర్లు వదలడం మానేశాయి. తుప్పు పట్టిన కేబులులో నూనె పోస్తే వారం పనిచేస్తుందేమో గాని మళ్లీ బిగుస్తుంది కాబట్టి కొత్తది వేశాను. హ్యాండ్ బ్రేకు సర్దుబాటు అన్నిటికన్నా చివరన చేశాను. లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీని ముందుగా పెడల్ నొక్కి సరిచేసుకోనిచ్చి, ఆ తర్వాతే కేబులు బిగించాలి.

ఇక నుంచి వానాకాలంలో బండి రోజుల తరబడి ఆపవలసి వస్తే హ్యాండ్ బ్రేకు వేయను. మొదటి గేరులో ఉంచి చక్రాలకు ఇటుకలు అడ్డుపెడితే మా నేల మీద అది చాలు.

అదే రోజు, సాయంత్రం

మాన్యువల్ చెప్పిన వరుసలో నాలుగు చక్రాల దగ్గరా పాత ఆయిల్ తీసి, కొత్తది నింపాము. మా బావమరిది పెడల్ మీద కూర్చున్నాడు. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి, అది నేలదాకా పోకుండా చూశాము. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ మామూలుగా చేరని అడుగు భాగంలో తుప్పు, మురికి ఉంటాయి, నేలదాకా నొక్కితే సీళ్లు వాటి మీదుగా పోయి చిరుగుతాయి. నిర్దోషిగా తేలిన భాగాన్ని మన చేతులతో పాడుచేసుకోకూడదు. గొట్టంలో నలుపు పోయి, లేత పసుపు రంగు బుడగలు లేకుండా వచ్చాక నిపుళ్లు బిగించి, ఒలికిన చోటల్లా నీళ్లతో కడిగాను, ఎందుకంటే ఈ ఆయిల్ కారు రంగును తినేస్తుంది.

కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ మెల్లమెల్లగా బ్రేకులు వేశాను. తర్వాత మళ్లీ అదే రహదారి మీద, అదే పద్ధతిలో నడిపి అంకెలు చూశాను. ఎడమ ముందు చక్రం 54, కుడి ముందుది 51, ఎడమ వెనకది 44, కుడి వెనకది 45. కాలువ గట్టు వాలులో కాలు తీయగానే కారు దానంతట అదే కదిలింది.

ముందు హోసులు రెండూ బయట సన్నగా పగుళ్లు చూపిస్తున్నాయి. ప్రస్తుతం ఆయిల్‌ను రెండు వైపులా పోనిస్తున్నాయి గాని వాటి వయసు చూస్తే నమ్మకం లేదు. వచ్చే నెల వాటిని మార్చి, ఆ సందర్భంగా ఎడమ పిన్నును మళ్లీ విప్పి, కొత్త బుష్షు ఎలా ఉందో చూసి రాస్తాను.